నికొలావొస్ ప్లస్తీరస్: గ్రీసు 'నల్ల రౌతు' గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరీయన? ముందు క్లుప్తంగా చెప్పండి.

గ్రీసు సైన్యంలో మామూలు సిపాయిగా చేరి జనరల్ దాకా ఎదిగారు. రెండుసార్లు సైనిక తిరుగుబాటుకు నాయకత్వం వహించారు. ఒకటి గెలిచింది, రెండోది ఒక్కరోజు కూడా నిలవలేదు. తర్వాత మూడుసార్లు ప్రధానమంత్రి అయ్యారు. ఆ మూడూ కలిపినా పదవిలో ఉన్నది ఏడాదిన్నర పైచిలుకే. 1953లో చనిపోయే నాటికి ఆస్తి అనదగ్గదేమీ లేదు.

ఈయన గురించి చదివిన కొద్దీ నాకు అనిపించేది ఒకటే. అధికారం లాక్కోవడం ఆయనకు తెలుసు, వదిలేయడమూ తెలుసు, నిలబెట్టుకోవడం మాత్రం చేతకాలేదు. కింద ఉన్న జవాబుల్లో చాలావాటికి ఈ లక్షణమే మూలం.

పేరు ఎలా పలకాలి? ప్లాస్టర్‌కి ఏమైనా సంబంధం ఉందా?

'ప్లస్తీరస్' అనాలి, 'స్తీ' దగ్గర ఒత్తి పలకాలి. ప్లాస్టర్‌తో సంబంధం లేదు గానీ ఆ ధ్వనిని పట్టుకుని చర్చిల్ జోకులు వేసేవాడు. ఇంకో ముచ్చట: గ్రీకులో 'ప్లస్తీరి' అంటే పిండి వత్తుకునే పీట. ఇంటిపేరు అందులోంచే వచ్చిందని నేను చెప్పడం లేదు, వినగానే మన చపాతీ పీట గుర్తొచ్చిందంతే.

ఎక్కడ పుట్టారు? పెద్ద కుటుంబమా?

కాదు. థెసలీ ప్రాంతంలో కర్దిత్స ఊరికి దగ్గరగా ఉన్న వునేసి అనే కొండపల్లెలో పుట్టారు. ఆ పల్లెను ఇప్పుడు మోర్ఫోవుని అంటున్నారు. పుట్టిన సంవత్సరం కొన్నిచోట్ల 1881, ఎక్కువచోట్ల 1883 అని కనిపిస్తుంది. తండ్రి దర్జీ, తల్లి మగ్గం నేసేది. థెసలీ ఒట్టోమన్ల చేతిలోంచి గ్రీసులోకి వచ్చింది 1881లోనే. అంటే ఆయన పెరిగిన నేలకు ఆ దేశం కొత్త.

1903లో వాలంటీరుగా పదాతిదళంలో చేరారు. కేడెట్ కాలేజీలో చదివిన అధికారి కాదు. కోర్ఫూలో కిందిస్థాయి సైనికుల కోసం నడిపే బడిలో చదివి 1912లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు. సిపాయిలు చివరిదాకా ఆయన్ని తమవాడు అనుకోవడానికి ఇది ఒక కారణం.

'నల్ల రౌతు' అనే పేరు ఎలా వచ్చింది?

బాల్కన్ యుద్ధాల్లో వచ్చింది. 1913లో లఖనాస్ దగ్గర బల్గేరియన్లతో జరిగిన పోరులో గుర్రం మీద ముందు దూసుకుపోతుంటే తోటివాళ్లు 'మావ్రొస్ కవలారిస్' అన్నారట. నల్ల రౌతు అని అర్థం. మనిషిది చామనఛాయ, సన్నటి ఒళ్లు, మెలితిప్పిన మీసం. ఆయన ఫోటోలో ముందు కనిపించేది ఆ మీసమే, మనిషి తర్వాత.

తుర్కులు పెట్టిన పేరు ఇంకా బాగుంటుంది: 'కరా బిబేర్', అంటే నల్ల మిరియం. చిన్నదే గానీ ఘాటు. శత్రువు పెట్టిన పేరులో ఇంత మెచ్చుకోలు ఉండటం అరుదు.

ఆయన నడిపిన '5/42' దళం ఏమిటి? లెక్కల పుస్తకంలో భిన్నంలా ఉందే?

భిన్నం కాదు. ఎవ్జోన్ రెజిమెంట్లలో ఐదవది, మొత్తం పదాతి రెజిమెంట్ల వరుసలో 42వది, అందుకని ఆ రెండు అంకెలు. ఏథెన్స్ వెళ్లినవాళ్లు పార్లమెంటు ముందు కుచ్చుల పావడా, బంతిపూవులాంటి కుచ్చు ఉన్న చెప్పులతో కాపలా కాసే సైనికులను చూసే ఉంటారు. వాళ్లే ఎవ్జోన్లు. ఇప్పుడు టూరిస్టులు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు గానీ అప్పట్లో కొండల్లో పోరాడే గట్టి దళాలవి.

ఈ దళంతోనే ఆయన 1919లో ఉక్రెయిన్‌కి వెళ్లారు, బోల్షెవిక్కుల మీదికి మిత్రరాజ్యాలు పంపిన సేనలో భాగంగా. ఆ దండయాత్ర వల్ల గ్రీసుకు ఒరిగిందేమీ లేదు. అక్కడి నుంచి నేరుగా ఆసియా మైనర్‌కి, అంటే ఇప్పటి తుర్కియే పడమటి భాగానికి చేరారు. 1921లో గ్రీకు సైన్యం అంకారా వైపు సకార్య నది దాకా వెళ్లి, అక్కడ ఆగిపోయి, వెనక్కి తగ్గింది. 1922 ఆగస్టులో తుర్కు సేనల నాయకుడు ముస్తఫా కెమాల్ ఎదురుదాడికి మొత్తం కుప్పకూలింది.

ప్లస్తీరస్ పేరు నిలబడింది ఆ కుప్పకూలినప్పుడే. మిగతా దళాలు చెల్లాచెదురై తుపాకులు పారేసి సముద్రం వైపు పరుగెడుతుంటే, 5/42 పోరాడుతూ, వరుస చెడకుండా వెనక్కి నడిచింది. దారిలో విడిపోయిన సైనికులు, మూటాముల్లె నెత్తిన పెట్టుకున్న పల్లెజనం ఆ దళం నీడలో తీరానికి చేరారు. చెష్మే రేవు నుంచి ఓడలెక్కి ఎదురుగా ఉన్న హియోస్ దీవిలో దిగారు. ఆ తర్వాత ఆయనకు శరణార్థుల్లో దొరికిన అభిమానమంతా ఈ కొద్దిరోజుల నడకతో సంపాదించుకున్నదే.

1922 తిరుగుబాటు ఎందుకు చేశారు?

ఓడిన సైన్యం దీవుల్లో కూర్చుని ఉంది. ఆసియా మైనర్ తీరంలోని రేవు నగరం స్మిర్నా (ఇప్పటి ఇజ్మీర్) తగలబడిపోయింది. ఏథెన్స్‌లో రాజు కాన్‌స్టంటైన్ సింహాసనం మీదే ఉన్నాడు. దీనికంతటికీ ఎవరు జవాబు చెబుతారు అన్నదే సిపాయిల ప్రశ్న. హియోస్‌లో ప్లస్తీరస్, లెస్బోస్‌లో కల్నల్ స్తిలియనొస్ గొనతాస్, నౌకాదళం తరఫున ఫొకాస్ కలిశారు. ఒక విమానం ఏథెన్స్ మీదికి వచ్చి 'రాజు దిగిపోవాలి' అంటూ కరపత్రాలు జారవిడిచింది. సేనలు లవ్రియో దగ్గర ఒడ్డుకు చేరాయి. సెప్టెంబరు 27న రాజు గద్దె దిగి కొడుకు రెండో జార్జికి అప్పగించాడు.

వెనకాల పాత పగ కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చేరాలా వద్దా అన్న దగ్గర గ్రీసు రెండుగా చీలింది: రాజు పక్షం, ప్రధాని వెనిజెలొస్ పక్షం. ప్లస్తీరస్ 1916 నుంచి గట్టి వెనిజెలొస్ మనిషి. ఈ చీలిక తెలియకుండా ఆ దేశపు తర్వాతి ముప్పై ఏళ్ల రాజకీయం అర్థం కాదు. ఒకే కుటుంబంలో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన రోజులవి.

ఆరుగురిని ఉరి తీశారంటారు, నిజమేనా?

ఉరి కాదు, కాల్చివేత. మాజీ ప్రధానులు గునారిస్, స్త్రతోస్, ప్రొతొపపదాకిస్, మంత్రులు బల్తజ్జిస్, థియొతోకిస్, చివరి సేనాపతి హజియనెస్తిస్. దేశద్రోహమని ప్రత్యేక సైనిక న్యాయస్థానంలో విచారించి, తీర్పు వచ్చిన రోజే, 1922 నవంబరు 28న, ఏథెన్స్ అంచున గుది అనే చోట కాల్చేశారు. బ్రిటన్ ముందే హెచ్చరించింది, వినకపోయేసరికి తన రాయబారిని వెనక్కి పిలిపించింది.

వీళ్లు యుద్ధాన్ని చెడగొట్టారా? చాలావరకు అవును. ద్రోహులా? కాదనే నా అభిప్రాయం. చేతకానితనం వేరు, ద్రోహం వేరు. అయితే లక్షలమంది ఇళ్లు పోగొట్టుకుని రేవుల్లో పడి ఉన్న ఆ శీతాకాలంలో ఈ తేడా వినే ఓపిక ఎవరికీ లేదు. తీర్పు అమలును ఆపగల స్థానంలో ఉన్నది ప్లస్తీరస్. ఆయన ఆపలేదు. 2010లో ప్రొతొపపదాకిస్ మనవడు వేసిన పిటిషన్ మీద గ్రీసు సుప్రీంకోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. కాల్చిన 88 ఏళ్లకు!

గుది పేరు గుర్తుంచుకోండి. 1909లో యువ అధికారుల తిరుగుబాటు జరిగింది అక్కడే. అందులో ప్లస్తీరస్ కూడా ఉన్నారు. ఆ చోటు ఆయన కథలోకి మళ్లీ వస్తుంది.

బ్రిటన్ రాణి ఎలిజబెత్ భర్త ఫిలిప్‌కి ఈ కథతో సంబంధం ఏమిటి?

ఫిలిప్ తండ్రి ప్రిన్స్ ఆండ్రూ రాజు కాన్‌స్టంటైన్ తమ్ముడు. సకార్య యుద్ధంలో ఒక కోర్‌కు, అంటే పెద్ద సైనిక విభాగానికి, అధిపతి. ఆజ్ఞ ధిక్కరించాడని ఆయన్నీ విచారించారు. ఆరుగురి తర్వాత ఏడోవాడు అయ్యేవాడే గానీ, బ్రిటన్ మధ్యలో దూరడంతో శాశ్వత దేశబహిష్కారంతో బయటపడ్డాడు. బ్రిటిష్ యుద్ధనౌక కలిప్సో ఆ కుటుంబాన్ని తీసుకెళ్లింది. ఏడాదిన్నర వయసున్న ఫిలిప్‌ను పండ్ల పెట్టెతో చేసిన తొట్టిలో పడుకోబెట్టారు. ఆ పిల్లాడే పెద్దయ్యాక బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి చేరాడు.

ఒకే సంఘటనకి రెండు తేదీలు కనిపిస్తున్నాయి. ఏది సరైనది?

రెండూ సరైనవే. అప్పటికి గ్రీసు పాత జూలియన్ క్యాలెండర్‌లో ఉంది, మిగతా ఐరోపా కంటే 13 రోజులు వెనక. తిరుగుబాటు మొదలైంది అక్కడి లెక్కలో సెప్టెంబరు 11, మన లెక్కలో 24. దీన్ని మార్చింది కూడా ప్లస్తీరస్ విప్లవ ప్రభుత్వమే. 1923 ఫిబ్రవరి 15 రాత్రి పడుకున్న గ్రీకులు లేచేసరికి మార్చి 1. ఆ 13 రోజుల జీతం సంగతి ఏమైందో అని నాకెప్పుడూ అనుమానం.

అప్పుడు ఆయన ప్రధానమంత్రా?

కాదు. ప్రధాని పదవి గొనతాస్‌కి ఇచ్చి, తాను 'విప్లవ నాయకుడు'గా ఉండిపోయారు. పెత్తనం మాత్రం ఆయనదే.

శరణార్థుల సంగతి?

అసలు పని అదే, పేరు రానిదీ అదే. 1923 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం తుర్కియేలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లింలు తుర్కియేకు వెళ్లాలి. ఇస్తాంబుల్ గ్రీకులకు, పశ్చిమ థ్రేస్ ముస్లింలకు మినహాయింపు. ఇష్టమా అని ఎవరినీ అడగలేదు. గ్రీసుకు వచ్చినవాళ్లు సుమారు 12 లక్షలు. అప్పటి దేశ జనాభా 50 లక్షల చిల్లర. నలుగురున్న ఇంటికి ఒక్కసారిగా ఐదోమనిషి వచ్చి, ఇక ఇక్కడే ఉంటాను అన్నట్టు.

బళ్లలో, చర్చిల్లో, ఆఖరికి థియేటర్ల బాక్సుల్లో కుటుంబాలు కాపురం పెట్టాయి. పెద్ద భూస్వాముల భూములు తీసుకుని పంచే పనిని విప్లవ ప్రభుత్వం వేగం చేసింది. ఏథెన్స్ చుట్టూ నేఆ యోనియా లాంటి కొత్త పేటలు లేచాయి. 'నేఆ' అంటే కొత్త. పోగొట్టుకున్న ఊరి పేరుకు ముందు 'కొత్త' చేర్చి పెట్టుకున్నారు. ఆ పేటల్లో చాలాకాలం ఓట్లు వెనిజెలొస్ పక్షానికే పడ్డాయి, ప్లస్తీరస్ బొమ్మ గోడ మీద ఉండేది.

అధికారం తనంతట తానే వదిలేశారా?

వదిలేశారు. 1923 డిసెంబరులో ఎన్నికలు జరిపించి, 1924 జనవరి 2న కొత్త సభకు పగ్గాలు అప్పగించి సైన్యం నుంచి రిటైరయ్యారు. సభ ఆయన్ని 'మాతృభూమికి తగినవాడు' అని గౌరవించింది. రాజపక్షం ఆ ఎన్నికలను బహిష్కరించింది కాబట్టి పోటీ సమానంగా జరగలేదన్నది నిజమే. అయినా తుపాకీతో వచ్చినవాడు తేదీ చెప్పి మరీ దిగిపోవడం ఆ దశాబ్దపు ఐరోపాలో మామూలు విషయం కాదు. పక్కన ఇటలీలో ముసోలినీ అప్పుడప్పుడే కుర్చీ సర్దుకుంటున్నాడు.

ఇంకో జనరల్ పంగలొస్ 1925లో గద్దెనెక్కి ప్లస్తీరస్‌ను దేశం నుంచి పంపేశాడు. ఆడవాళ్ల గౌను అంచు నేలకు 30 సెంటీమీటర్ల కంటే ఎత్తున ఉండకూడదని చట్టం చేసిన మహానుభావుడు ఇతనే.

మరి 1933లో మళ్లీ తిరుగుబాటు ఎందుకు?

ఆయన అభిమానులు దాటేసే పేజీ ఇది. 1933 మార్చి 5 ఎన్నికల్లో వెనిజెలొస్ ఓడిపోయారు. ఆ రాత్రే ప్లస్తీరస్ తిరుగుబాటు ప్రకటించారు. రాజపక్షం వస్తే, 1924లో రాచరికం స్థానంలో వచ్చిన గణతంత్రం పోతుందని ఆయన భయం. కారణం ఏం చెప్పినా, జనం వేసిన ఓటును ట్యాంకులతో తిప్పేయాలని చూడటమే ఇది. తెల్లారి సాయంత్రానికి కథ ముగిసింది. దాక్కుని, దేశం దాటి ఫ్రాన్స్ చేరారు. 1935లో వెనిజెలొస్ పక్షం చేసిన మరో తిరుగుబాటు కూడా విఫలమైంది. దానికి మద్దతిచ్చినందుకు ఆయన లేకుండానే మరణశిక్ష వేశారు. అదే ఏడాది రాచరికం తిరిగొచ్చింది, ఏది రాకూడదని ఆయన తొందరపడ్డారో అదే.

1940లో ఇటలీని ఓడించింది ఈయనేనా?

కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ సేనాపతి అలెక్సాంద్రొస్ పపగోస్. ప్లస్తీరస్ అప్పుడు ఫ్రాన్స్‌లో ప్రవాసంలో ఉన్నారు. పపగోస్ రాజుకు నమ్మకస్తుడు, తర్వాత ఫీల్డ్ మార్షల్ అయ్యాడు, ఆపై ప్రధాని కూడా. ఇద్దరు జనరళ్లూ 1950ల్లో ఎన్నికల్లో ఒకరికొకరు ఎదురయ్యారు. ఆ సంగతి కిందకొస్తుంది.

1945లో ప్రధాని ఎలా అయ్యారు? మూడు నెలలకే ఎందుకు పోయారు?

1944 డిసెంబరులో, జర్మన్లు వెళ్లిపోయిన రెండు నెలలకే, ఏథెన్స్ వీధుల్లో కమ్యూనిస్టుల నాయకత్వంలోని ప్రతిఘటన సేనకూ బ్రిటిష్, ప్రభుత్వ దళాలకూ యుద్ధం మొదలైంది. క్రిస్మస్ రోజున చర్చిల్ స్వయంగా దిగాడు. రాజుకు వ్యతిరేకి, కమ్యూనిస్టు కాదు, జనంలో పేరున్నవాడు: ఈ మూడూ కలిసిన మనిషి కావాలి. ఫ్రాన్స్ నుంచి ప్లస్తీరస్‌ను రప్పించారు. 1945 జనవరి 3న ప్రమాణం, ఫిబ్రవరి 12న వర్కిజాలో ప్రతిఘటన సేన ఆయుధాలు దించేలా ఒప్పందం.

ఏప్రిల్‌లో రాజపక్ష పత్రిక ఒకటి పాత లేఖ బయటపెట్టింది. యుద్ధకాలంలో, 1941లో, జర్మన్ల మధ్యవర్తిత్వం గురించి ఆయన విషీలోని (జర్మన్లకు లొంగిన ఫ్రెంచ్ ప్రభుత్వం ఉన్న ఊరు) గ్రీకు రాయబారికి రాసింది. నాజీ ఆక్రమణ గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న ఊళ్లో అలాంటి కాగితం చాలు. రాజీనామా చేశారు. బ్రిటిష్‌వాళ్లకు కూడా అప్పటికి ఆయన అవసరం తీరిపోయిందనుకోండి.

1950 తర్వాత ఆయన రాజకీయం ఏమిటి?

క్షమ. వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1946 నుంచి 1949 దాకా అంతర్యుద్ధం నడిచింది, ఓడిన వామపక్షం వాళ్లు వేలమంది జైళ్లలో, దీవుల్లో ఉన్నారు. అప్పుడు, గెలిచిన పక్షంవాళ్లు పళ్లు నూరుతుండగా, ఈ మాజీ తిరుగుబాటుదారు 'జరిగింది మరిచిపోదాం' అంటూ వచ్చారు. 1950 జనవరిలో మాజీ ప్రధాని చుదెరొస్‌తో కలిసి 'ఎపెక్' అనే మధ్యేవాద పార్టీ పెట్టారు. మార్చి ఎన్నికల్లో 250కి 45 సీట్లు వచ్చాయి. ఏప్రిల్‌లో సంకీర్ణ ప్రధాని. తోటి లిబరల్స్ మద్దతు లాగేయడంతో ఆగస్టులో మాజీ.

1951 సెప్టెంబరులో పపగోస్ పార్టీకి 114, ఎపెక్‌కి 74 సీట్లు. పపగోస్ ఎవరితోనూ కలవనన్నాడు, అందుకని మళ్లీ ప్లస్తీరస్‌కే అవకాశం. ఈ ఏడాదిలో పని జరిగింది: కొత్త రాజ్యాంగం, నాటోలో చేరడం, పార్లమెంటు ఎన్నికల్లో స్త్రీలకు ఓటుహక్కు. అన్నీ 1952లోనే. కానీ సైన్యం, రాజభవనం, అమెరికా రాయబార కార్యాలయం మూడూ ఆయన్ని మెత్తటివాడని అనుమానంగా చూసేవి. మెజారిటీ పద్ధతిలో ఎన్నికలు పెట్టమని అమెరికా రాయబారి బాహాటంగా ఒత్తిడి చేశాడు. 1952 నవంబరులో 49 శాతం ఓట్లతో పపగోస్ 300లో 247 సీట్లు కొట్టాడు. ప్లస్తీరస్ తానే గెలవలేకపోయారు.

బెలొయన్నిస్‌ను కాపాడలేకపోయారని వామపక్షంవాళ్లు ఇప్పటికీ అంటారు. న్యాయమేనా?

సగం న్యాయం. నికొస్ బెలొయన్నిస్ కమ్యూనిస్టు నాయకుడు. కోర్టులో చేతిలో కార్నేషన్ పువ్వుతో నవ్వుతూ కూర్చున్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది, పికాసో దాన్ని చూసి బొమ్మ గీశాడు. గూఢచర్యం ఆరోపణ మీద మరణశిక్ష పడింది. ప్రపంచం నలుమూలల నుంచి క్షమాభిక్ష పెట్టమని టెలిగ్రాములు వచ్చాయి. రాజు పాల్ ఒప్పుకోలేదు.

1952 మార్చి 30, ఆదివారం. ఆదివారాల్లో శిక్ష అమలు చేసే ఆనవాయితీ లేదు, జర్మన్లు కూడా చేయలేదని అక్కడివాళ్లు చెబుతారు. ఇంకా తెల్లవారలేదు. లారీల హెడ్‌లైట్ల వెలుగులో నలుగురిని నిలబెట్టి కాల్చారు. ఎక్కడ? గుదిలో. 1922లో ఆరుగురు నిలబడిన ఆ ప్రాంతంలోనే.

ప్లస్తీరస్ ఆ నెలలో పక్షవాతంతో మంచం మీద ఉన్నారు. శిక్షలు తగ్గించే చట్టాన్ని ఆయన ప్రభుత్వమే తెస్తోంది, ఏప్రిల్‌లో అది వచ్చింది కూడా. కొద్దివారాలు ఆగి ఉంటే ఆ నలుగురూ బతికేవాళ్లేమో. మంచంలో ఉన్న మనిషిని ఏమనగలం అనిపిస్తుంది. కానీ ప్రధాని ఆయనే, రాజీనామా చేస్తానని బెదిరించినా సరిపోయేదేమో. 1922లో ఆపగలిగీ ఆపలేదు, 1952లో ఆపాలనుకునీ ఆపలేకపోయారు.

నిజంగా అంత పేదగా బతికారా? కథలు కల్పించారా?

పేదగా బతకడం నిజం. పెళ్లి చేసుకోలేదు, ఇల్లు కట్టుకోలేదు. కథలకైతే కొదవ లేదు, కొన్ని నోటినోటికీ పెరిగి ఉంటాయి. బాగా చెప్పుకునేది ఒకటి: ప్రధానిగా ఉన్నప్పుడు ఇంట్లో ఫోన్ పెట్టిద్దామని ఎవరో అంటే 'దేశం తిండికి అల్లాడుతుంటే నాకు ఫోనా, సిగ్గులేదూ' అని కసిరారట. మడత మంచం మీదే పడుకునేవారని కూడా అంటారు. చాలామంది గ్రీకులు ఈ కథలు ఇప్పటి నాయకులను తిట్టడానికి వాడుకుంటారు. చనిపోయింది 1953 జూలై 26న, ఏథెన్స్‌లో.

ప్లస్తీరస్ సరస్సు ఈయన పేరు మీదేనా?

ఆయన పేరు మీదే. సొంతూరి కిందే ఉంది. అది సహజమైన సరస్సు కాదు. తవ్రొపొస్ నదికి అడ్డంగా 83 మీటర్ల ఎత్తున వంపు తిరిగిన కాంక్రీటు ఆనకట్ట కట్టారు. 1950ల చివర పూర్తయింది. ఇక్కడ డ్యాము కట్టాలన్న ఆలోచన ప్లస్తీరస్‌దేనని ఆ ప్రాంతంవాళ్లు చెబుతారు, పూర్తయింది మాత్రం ఆయన పోయాక. ఆ నీళ్లు మామూలుగా పడమటికి పోవాలి. సొరంగంలోంచి తూర్పుకు మళ్లించి, కొండ మీది నుంచి కిందికి వదిలి, కరెంటు తీసి, థెసలీ మైదానంలో పొలాలకు పారిస్తారు. కర్దిత్స తాగేది ఆ నీళ్లే.

సుమారు 24 చదరపు కిలోమీటర్ల ఆ నీటి కింద ఒకప్పుడు నెవ్రోపొలి అనే చదునైన మైదానం ఉండేది. 1943లో ఆక్రమణ రోజుల్లో ప్రతిఘటన దళాలు అక్కడ రహస్యంగా విమానాలు దిగే చోటు సిద్ధం చేశాయి. పగలు చూస్తే మామూలు పొలంలా కనిపించాలని కొమ్మలూ చెట్లూ పాతి ఉంచి, రాత్రి విమానం వచ్చే ముందు తీసేసేవారట. ఇప్పుడు దాని మీద పర్యాటకులు పెడల్ బోట్లు తొక్కుతున్నారు. చెట్ల నీడలో కాఫీ తాగుతూ సరస్సు పేరు చెప్పేవాళ్లలో ఎందరికి ఆ మీసాల మనిషి తెలుసో గానీ, పేరు మాత్రం అందరి నోట్లోనూ ఉంది.